బొమ్మ కింది మూడు వరుసలు

నాకు ఇంగ్లీషు రాదన్న సంగతి మా ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా తెలిసింది నాకే. కొందరికి నడక ఆలస్యంగా వస్తుంది, కొందరికి బుద్ధి. నాకు ఈ ఒక్క జ్ఞానం ఇరవయ్యో ఏట వచ్చింది, అదీ నా సొంత ఖర్చుతో కాదు.

మొన్న ఆదివారం మణికొండలో మా మనవరాలి ఇంట్లో, పన్నెండో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఉన్నాను. కూర్చోవడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఆమె కొడుక్కి ఈ ఎండాకాలం కర్రపని పిచ్చి పట్టింది. మామిడిపండ్ల పెట్టెలన్నీ కోసి, కోసిన వాటినే మళ్లీ కోసి, తుక్కంతా తులసికుండీలో పోస్తున్నాడు. మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. "తాతా, వీడు యూట్యూబ్ చూసి చెయ్యి కోసుకునేటట్టున్నడు. ఏదన్న పద్ధతిగ నేర్పే మ్యాగజైన్‌కు చందా కడదామనుకుంటున్న. ఈ రెండింట్ల ఏది తీస్కుందాం? మనది వడ్రంగి ఖాందాన్ కద, నువ్వే చెప్పాలె" అంది. ఒకదాని అట్ట సాదాగా ఉంది. రెండోదాని మీద తోలు ఏప్రాన్ కట్టుకున్న తెల్లాయన ఒకడు, పొడుగ్గా, నిటారుగా, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నేను ఏదో ఒక హాస్యం ఆడతానని మనవరాలు ఎదురుచూసింది. నేను ఫోను దగ్గరికి లాక్కుని ఆ తెల్లాయననే చూశాను. "కండ్లద్దాలు తేవాల్నా?" అంది. అద్దాలతో పోయేది కాదు. నేను ఇంతకుముందు ఒకసారి ఇట్లాంటి పుస్తకాన్నే, ఇట్లాంటి పిల్లవాడి కోసమే ఎంచి తెచ్చాను.

నలభై ఏడు, నలభై ఎనిమిది నాటి మాట. హఫీజ్‌పేట్ స్టేషన్‌లో దిగి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు వచ్చేది. ఇప్పుడు ఆ దారిలో అద్దాల మేడలున్నాయి. అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య జొన్నచేలు. ఊరి నాగళ్లు, గొర్రులు, బండ్లు, మంచాలు అన్నీ మా నాయన చేతిమీదే తయారయ్యేవి. కళ్లం నూర్చినప్పుడు ఊరు మాకు గింజలు పెట్టేది. మా నాయన కూర్చుని పనిచేసేవాడు. ఈ ముక్క జర గుర్తుపెట్టుకోండి. మా వాళ్లకు బల్లలు లేవు, చెక్కను బిగించే మరలు లేవు. నేలమీద గొంతుకూర్చుని, తుమ్మమొద్దును కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య అదిమిపట్టి, పొట్టి పిడి ఉన్న బాడిశతో తనవైపు చెక్కుకుంటూ వచ్చేవాడు. బాడిశ అంటే చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, గొడ్డలి అలుగును అడ్డంగా తిప్పి బిగిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ప్రతి దెబ్బా వేలికి గోరంత దూరంలో పడేది. కానీ అది మణికట్టులో పుట్టి మణికట్టులోనే ఆగే దెబ్బ. మోచెయ్యి కదిలేది కాదు. "కాలే మనకు మూడో చెయ్యి" అనేవాడు మా నాయన.

ఆ పని నేర్చుకోవలసింది పెద్దకొడుకును నేను. బడినుంచి మూడో తరగతిలో పారిపోయాను, మా నాయన కొట్టంనుంచి అంతకన్నా తొందరగా. ఒక్కచోట కూర్చోవడం నా ఒంటికి పడేది కాదు. పట్నంలో ఒక ఇంజనీరు దొర బంగళాలో చాయ్ అందించడానికీ, పుస్తకాల దుమ్ము దులపడానికీ కుదిరాను. శుక్రవారం జుమ్మా సెలవుకు రైలెక్కి ఊరికి వచ్చేవాణ్ణి. వచ్చి, నాకు ఇంగ్లీషు వచ్చిందని ఊరందరికీ చెప్పాను. వచ్చింది నాలుగు ముక్కలు. అందులో "గెట్ అవుట్" అన్నది ఎక్కువసార్లు విన్నందువల్ల చాలా శుద్ధంగా పలికేవాణ్ణి.

ఆ చలికాలంలో ఒకనాడు మా నాయన బండిచక్రానికి ఆకుకర్రలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ కుడివైపుకు ఒరిగిపోయాడు. చెయ్యి, కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. నోట్లో ఒక్క "బా" మిగిలింది. నీళ్లు కావాలన్నా బా, అన్నం చాలన్నా బా, మా అవ్వను, అంటే అమ్మను, పిలిచినా బా. నేను వచ్చినప్పుడల్లా ఆ బాకు అర్థాలు చెప్పేవాణ్ణి. "నాయిన ఏమంటుండంటే, అవ్వ వంట తిన్నంక మాట బందయింది అంటుండు." మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తమ్ముడు పడిపడి నవ్వేవాడు. మా నాయన కూడా పెదవి ఒకవైపు మాత్రం నవ్వేవాడు. ఆ ఇంట్లో అప్పుడు నవ్వుకు నేను తప్ప వేరే ఆధారం లేదు. అందుకే నేను చనువు ఎక్కువ తీసుకున్నాను.

తమ్ముడికి పదిహేనేళ్లు. ఉర్దూ బడిలో ఆరు చదివాడు. ఉలికి పదును పెట్టడం, పిడులు బిగించడం వచ్చు. నాగలి చెక్కడం రాదు. "వచ్చే ఏడు, వచ్చే ఏడు" అంటూ మా నాయన వాయిదా వేశాడు. ఇప్పుడు చెప్పడానికి నాయనకు నోరు లేదు, చూపించడానికి చెయ్యి లేదు. ఊరి పెద్దమనిషి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మంచివాడే. "వదినా, మృగశిర దాక చూస్తం. అప్పటికి నాగండ్లు అయితే మీవే. కాకుంటే మదీనాగూడ ఆయనను పిలుచుకుంటం. మీ మీద మాకు కోపం లేదు. వాన ఆగదు గద" అన్నాడు. మదీనాగూడలో ఒక మేస్త్రి ఉండేవాడు, పనిమంతుడు. తమ్ముణ్ణి ఆయన దగ్గరే పెట్టి నేర్పిద్దామన్నాను. మా అవ్వ తల అడ్డంగా ఊపింది. "నేర్పేటోడు ఊరడుగుతడు బిడ్డా" అంది. ఊరి పని ఆయన చేతికి పోతే గింజలు పోతాయి. గింజలు పోతే మంచంలో ఉన్న మనిషికి గంజి ఎక్కడిది?

అప్పుడు నా బుర్రకు ఒక తెలివి తట్టింది. బంగళాలో దొర అలమారలో కర్రపని పుస్తకాలు నెలనెలా వచ్చి పడేవి. దొర సెలవునాడు సరదాకు చిన్నచిన్న పెట్టెలు చేసుకునేవాడు. వాటిలో బొమ్మలు ఎంత బాగుండేవంటే, చెక్క ఎక్కడ కొయ్యాలో గీతలు కూడా కనిపించేవి. నోరులేని గురువుకన్నా బొమ్మలున్న గురువు నయం కదా అనుకున్నాను. మా అవ్వ మేకపిల్లను అమ్మి ఇచ్చిన పైసలు రుమాలులో కట్టుకుని, పట్నంలో పుస్తకాల దుకాణానికి పోయాను.

దుకాణం ముసలాయన రెండు పుస్తకాలు బల్లమీద పెట్టాడు. ఒకటి ఉర్దూది, చిన్నది, బూడిదరంగు అట్ట. లోపల మన వాళ్లే నేలమీద కూర్చుని ఉన్నారు. రెండోది ఇంగ్లీషుది, నున్నటి కాగితం, అట్టమీద నిలబడిన దొర. "ఎవరికి మియా?" అన్నాడు. తమ్ముడికన్నాను. "కొత్తగా నేర్చుకునేటోడా? ఏం చదువుతడు?" ఉర్దూ ఆరో జమాత్ అన్నాను. ఆయన బూడిదరంగుది నా వైపు జరిపాడు. "ఇది తీస్కపో. అలిఫ్ బే నుంచి చెప్తది. అది సాబుల కోసం. పొట్టకు చేసేటోనికి కాదు, షోకుకు చేసేటోనికి." ఇంతకన్నా విడమరిచి దేవుడు కూడా చెప్పడు. కానీ నా పక్కన సూటు వేసుకున్న ఒకాయన ఇంగ్లీషు పేపరు కొంటున్నాడు. ఆయన ముందు ఆ బూడిద అట్ట పట్టుకోవడానికి నాకు నామోషీ అనిపించింది. "ఇంగ్లీషుదే ఏడాది చందా రాసుకోండి. మా ఇంట్ల చదివేటోళ్లున్నరు" అన్నాను. సూటాయన నా వైపు తిరిగి కూడా చూడలేదు. ఎవరి కోసం ఆ మాట అన్నానో ఆయన వినలేదు. ఇంట్లో మాత్రం దొరగారే ఏరి ఇచ్చారని చెప్పాను.

పుస్తకం బంగళా చిరునామాకు వచ్చేది, నేను ఊరికి మోసేవాణ్ణి. మొదటి సంచికలో పిట్టలకు ఇల్లు కట్టడం ఎట్లాగో ఉంది. దానికి రెండు కిటికీలు. మా ఇంటికి ఒక్కటి కూడా లేదు. రెండో దానిలో కుక్కకు మంచం. మా అవ్వ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఈ కుక్క మన పెద్దమనిషి కంటె బాగ బతుకుతుంది" అంది. తమ్ముడు నవ్వలేదు. వాడు ఒక్కొక్క బొమ్మమీదా వేలు పెట్టి "దీని కింద ఏం రాసిండ్రన్నా?" అని అడిగేవాడు. నేను చదివేవాణ్ణి. చదవడమంటే, గొంతు సవరించుకుని, నాలుగు ఇంగ్లీషు చప్పుళ్లు చేసి, ఆ తర్వాత తెలుగులో నా ఇష్టం వచ్చింది చెప్పడం. "రంపం కోసేటప్పుడు అన్నను తలుచుకోవాలె అని రాసిండ్రు" అనేవాణ్ణి. కొన్ని హాస్యాలని వాడికి తెలిసేవి. ఏవి హాస్యాలు, ఏవి కావు అన్నది నేను విడదీసి చెప్పలేదు. చెబితే ఏవీ మిగలవు మరి.

ఎండలు ముదిరేసరికి నాలుగో సంచిక వచ్చింది. అందులో ఒక బొమ్మ. పెద్ద దుంగకు రెండుపక్కలా కాళ్లు పెట్టి ఒక తెల్లాయన నిలబడి ఉన్నాడు. చేతుల్లో బాడిశే, కానీ పిడి మన నాగలిమేడి అంత పొడవు. రెండు చేతులా పట్టి, తన కాళ్ల మధ్యకు ఊపుతున్నాడు. కాళ్లకు మోకాళ్లదాకా బూట్లు. బొమ్మ కింద మూడు వరుసలు, అచ్చు కొంచెం లావుగా. అప్పటికి తమ్ముడు ఒక్క నాగలి కూడా పూర్తి చెయ్యలేదు. కూర్చుని చెక్కితే వాడి దెబ్బకు తుమ్మ లేచేది కాదు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మృగశిర పదిరోజుల్లో ఉంది. "అన్నా, ఇది మన పనే. ఏం రాసిండ్రు?" అన్నాడు. వాడి మొగం చూసి నాకు ధైర్యం చెప్పాలనిపించింది. గొంతు సవరించుకుని, "గిట్ల నిలబడి కొడితె మూడు దినాల పని ఒక్క పూటల అయితది. కూసోని చేసేది ముసలోళ్ల పని అంటుండు" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వాను. వాడు నవ్వింది నమ్మి, నేను నవ్వింది నమ్మించానని.

మరునాడు పొద్దున నేను మళ్లీ రైలుకు పోవడానికి అంగీ తొడుక్కుంటున్నాను. తమ్ముడు నాయన బాడిశకు పొడుగు పిడి బిగించి వాకిట్లో దుంగకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడ్డాడు. వాడి కాళ్లకు ఏమీ లేవు. నాయన మంచం అరుగుమీదే ఉంది. వాడు మొదటి దెబ్బ ఎత్తగానే నాయన అరిచాడు. "బా!" ఎడమచెయ్యి మంచంపట్టెమీద కొట్టి "బా! బా!" అని, మెడ నరాలు ఉబ్బేటట్టు అరిచాడు. పక్కనున్న చెంబు తీసి విసిరాడు, అది వాకిట్లో దొర్లింది. తమ్ముడు దించిన బాడిశ పట్టుకుని నా వైపు చూశాడు. "నాయిన ఏమంటుండన్నా?" వాడు నన్నే అడిగాడు. ఆ ఇంట్లో ఆ పని నాదే కదా. నేను బొత్తాం పెట్టుకుంటూ, "శబాష్ అంటుండు. ఇంక గట్టిగ కొట్టుమంటుండు" అన్నాను.

వాడు గట్టిగా కొట్టాడు. తుమ్మ లోపల ముడి ఉంది. అలుగు జారింది.

రక్తం చూసినవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పడమెందుకు. పసుపు అద్దారు, ఆకు నూరి కట్టారు. ఆ ఏడు ఊళ్లల్లో గడబిడగా ఉండేది. రైళ్లు నమ్మకంగా నడిచేవి కావు, బండి కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పట్నం దవాఖానాకు చేర్చేసరికి నాలుగో రోజు. కాలు కుండలాగా ఉబ్బింది. డాక్టరు కాలు ఉంచాడు. ఎడమకాలి బొటనవేలు, పక్కవేలు తీసేశాడు. మా పనిలో మొద్దును పట్టేవి ఆ రెండే.

వాడు మూడు నెలలు దవాఖానాలో ఉన్నాడు. వేళ్లు తీసిన వారమే నేను ఆ పుస్తకం దొర ముందు పెట్టి, బొమ్మ కింద ఏముందో చెప్పమని అడిగాను. దొర అద్దాలు సవరించుకుని చదివాడు. ఇది బాగా చెయ్యితిరిగిన వాళ్ల పనిముట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముట్టవద్దు. గట్టి బూట్లు లేకుండా ఎవరూ వాడవద్దు. చదివి, "ఎందుకు?" అన్నాడు. "ఏం లేదు సాబ్" అని పుస్తకం దులిపి చంకలో పెట్టుకున్నాను. నా చదువు పూర్తయింది ఆనాడే. ఇంటికి పోయి పుస్తకం గూట్లో పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. నాయనకు చెప్పవలసిన పని లేదు. ఆయనకు మాట పోయింది కానీ చెవులు పోలేదు. ఆయన "బా"ను నేను ఏం చేశానో విన్నాడు. ఆ తర్వాత నేను మంచం పక్కన కూర్చుంటే మొగం గోడకు తిప్పుకునేవాడు. తిప్పుకోవడానికి ఆయనకు ఎంత కష్టమో, అయినా తిప్పుకునేవాడు.

మృగశిర వచ్చింది. మదీనాగూడ ఆయన వచ్చాడు. ఊరి నాగళ్లు ఆయన చేశాడు. పెద్దమనిషి ఆ ఏటికి మాకు రెండు బస్తాల జొన్నలు పంపి, ఇక పంపలేదు. ఎవరినీ అనడానికి లేదు.

తమ్ముడు తిరిగివచ్చిన తర్వాత జరిగింది ఒకటి చెప్పాలి. వాడు కట్టుకాలు చాపుకుని వాకిట్లో కూర్చుని, ఎవరికీ అక్కరలేని ఒక మొద్దును ముందు పెట్టుకుని చూస్తున్నాడు. మొద్దు నిలవడం లేదు. నాయన మంచంమీదినుంచి జారాడు. పడ్డాడనుకుని అవ్వ పరుగెత్తింది. పడలేదు. చచ్చిన కుడివైపును ఈడ్చుకుంటూ, ఎడమ మోచేతిమీద పాకుతూ వచ్చి, తమ్ముడికి ఎదురుగా గోడకు ఆనుకుని, తన ఎడమకాలు చాపి, రెండువేళ్ల మధ్య మొద్దును పట్టాడు. తమ్ముడు కొట్టాడు, మణికట్టునుంచి. దెబ్బ తప్పి వేలి దగ్గరికి వస్తే నాయన చప్పున కాలు గుంజి, "బా" అనేవాడు. సరిగ్గా కొడితే ఏమీ అనేవాడు కాదు. ఆ బాకు అర్థం చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఇరవైరోజులు పట్టింది. ఒక నాగలి అయింది, మంచి నాగలి. దాన్ని దున్నడానికి ఎవరూ కొనలేదు. అప్పటికే అందరివీ దుక్కులైపోయాయి. దసరా తర్వాత నాయన పోయాడు. పట్టే కాలు పోయింది.

ఆ పుస్తకానికి చందా ఏడాదికి కట్టాను కనుక అది వస్తూనే ఉంది. ఒక సంచికలో పని బల్ల చెయ్యడం ఉంది, చెక్కను బిగించే మరతో సహా. ఆ బల్ల దగ్గర నిలబడి పనిచెయ్యడానికి కాలివేళ్లతో పనిలేదు. నేను ఆ పేజీ వాడి ముందు పెట్టి, "చదవాల్నా?" అన్నాను. "వద్దన్నా, కొలతల అంకెలు నాకు తెలుస్తయి" అని పుస్తకం తీసుకుని, కుంటుకుంటూ, బడిపంతులు దగ్గరికి పోయాడు. అక్షరమక్షరం చదివించుకున్నాడు. ఆ తర్వాత ఎన్నడూ, ఉత్తరమైనా, మందుసీసా మీది కాగితమైనా, నన్ను చదవమని అడగలేదు. నేను పట్నంలో ఉంటున్నాను కదా, వీలుపడక అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉండేది. నాగలిపని మళ్లీ మా ఇంటికి రాలేదు. వాడు బడులకు బెంచీలు, సర్కారు కచేరీలకు కుర్చీలు చేసి బతికాడు, జీవితమంతా నిలబడి. సాయంత్రమయ్యేసరికి ఆ కాలు వాచేది.

మనవరాలి ఫోను నా చేతిలోనే ఉంది. "తెలిసినాయనను అడుగుదాం పద" అన్నాను. కారులో హఫీజ్‌పేట్ తీసుకుపోయింది. తమ్ముడు తన కొడుకు దుకాణం ముందు కుర్చీ వేసుకుని, ఒక స్టూలు కాలికి ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. ఎనభై దాటాయి. ఫోను చూపిస్తే, "పోరడు ఏం చదువుతడు? కొత్తగ పట్టుకున్నడా?" అని రెండే ప్రశ్నలు అడిగి, సాదా అట్ట ఉన్నదాని మీద వేలు పెట్టాడు. మనవరాలు అక్కడే నిలబడి చందా కట్టేసింది. క్షణం పట్టలేదు. ఆమె చాయ్ చెప్పడానికి లోపలికి పోయింది.

రోజులు పోతే బరువులు తగ్గుతాయంటారు. మోసేవాడికి చేతులు మొద్దుబారుతాయి, అంతే. దింపుదామన్నా వేళ్లు రావు. నేను చెప్పాలనుకున్నదానికి ముందు ఒక హాస్యం వెతుక్కున్నాను. దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"తమ్మీ, ఆ బాడిశ బొమ్మ కింద ఏమున్నదో నాకు తెల్వకుండె. నేను కల్పించి చెప్పిన. నాయిన శబాష్ అన్లేదు."

వాడు ఉప్పుకాగితం ఆపలేదు.

"ఎరుకనే. పుస్తకం దవాఖానకు తెప్పిచ్చుకున్న. కంపౌండరు చదివిండు."

"మరి ఇన్నేండ్లు ఒక్కసారి అడగలేదేందిరా?"

వాడు స్టూలు కాలును ఊది, వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు.

"అడుగుతె ఒక జోకు జెప్తుంటివి. నా కాలు మూడు నెలలల్ల మానిందన్నా. నీ నోటికెల్లి జోకు లేకుంట ఒక్క మాట వచ్చెటందుకు అరవై ఏండ్లు దాటె."